కోరంగి మడల్లో నీటికుక్కలు: హైదరాబాద్ నుంచి వెళ్ళి వెతికి చూసేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

రాత్రి రైలెక్కి కాకినాడలో దిగి, తొమ్మిదింటికో పదింటికో కోరంగి చెక్కవంతెన మీద నడిచి, మధ్యాహ్నం బోటులో హోప్ ఐలాండ్ దాకా వెళ్ళి, సాయంత్రం కాజాల పొట్లంతో తిరుగు రైలెక్కితే మడ అడవి చూసినట్టే. నీటికుక్క మాత్రం కనబడదు. అక్కడ లేక కాదు. జనం వచ్చే వేళకి అవి పొద్దుటి వేట ముగించుకుని వేళ్ళ సందుల్లో ఎక్కడో పడుకుని ఉంటాయి. పైగా మోటారు చప్పుడు అరకిలోమీటరు ముందే వాటికి చెప్పేస్తుంది, ఎవరో వస్తున్నారని.

నీటికుక్క కనబడాలంటే మూడు కుదరాలి. పాయలో నీళ్ళు బాగా తగ్గిన వేళ కావాలి, అది తెల్లవారుజాముతో కలిసి రావాలి, ఆ వేళకు మనం ముందే వెళ్ళి కదలకుండా కూర్చుని ఉండాలి. ఎక్కడ కూర్చోవాలో చెప్పేది జంతువు వదిలిపెట్టిన గుర్తులే. అందుకే ఈ పద్ధతిలో సగం రోజులు గుర్తులు వెతకడానికి, మిగతా సగం కాచుకుని కూర్చోవడానికి పోతాయి. కనీసం మూడు ఉదయాలు చేతిలో పెట్టుకోండి. శని, ఆదివారాల్లో ముగించాలనుకుంటే ఈ ప్రయాణం పెట్టుకోకపోవడమే మంచిది.

వెతుకుతున్నది ఏ జంతువుని

భారతదేశంలో మూడు రకాల నీటికుక్కలున్నాయి. గోదావరి, కృష్ణా డెల్టాల మడల్లో తిరిగేది నున్నటి బొచ్చు నీటికుక్క. ఆ మూడింట్లో పెద్దది ఇదే. పెద్దది 7 నుంచి 11 కిలోలు తూగుతుంది, ముక్కు నుంచి తోక చివరి దాకా మీటరు దాటుతుంది. బొచ్చు పొట్టిగా నున్నగా ఉంటుంది, తడిస్తే నూనె రాసినట్టు మెరుస్తుంది. తోక మొదట్లో లావుగా, చివరికి వచ్చేసరికి అట్లకాడలా చదునుగా ఉంటుంది. కుటుంబాలుగా బతుకుతాయి కాబట్టి ఒకటి కనబడితే నీళ్ళలో మరో మూడో నాలుగో ఉన్నట్టే అనుకుని చూడండి.

వీడియోల్లో పొట్ట మీద రాయి పెట్టుకుని వెల్లకిలా తేలుతూ కనిపించేది వేరే జంతువు. ఆ సముద్రపు జాతి ఉత్తర పసిఫిక్ తీరాల్లోనే ఉంటుంది. మనది నది జంతువు. ఉప్పునీటిలోకి దిగి వేటాడుతుంది గానీ దాని ప్రాణం తీపినీటితో ముడిపడి ఉంది. చర్మం కింద దీనికి మందపాటి కొవ్వు ఉండదు. బొచ్చులో చిక్కుకున్న గాలే దానికి దుప్పటి. బొచ్చులో ఉప్పు పేరుకుంటే వెంట్రుకలు అతుక్కుపోయి గాలి నిలవదు. అందుకే తీరాల్లో బతికే నది జాతి నీటికుక్కలు తాగడానికీ బొచ్చు కడుక్కోవడానికీ తీపినీటి దగ్గరికి వస్తుంటాయి. మ్యాపు ముందు పెట్టుకున్నప్పుడు ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు, వెతుకులాటలోంచి సగం అడవిని తీసేయొచ్చు. హోప్ ఐలాండ్‌కు సముద్రం వైపున్న కెరటాల ఒడ్డు మీద పొద్దు పోగొట్టుకోవద్దు. పంటకాలువో మురుగుకాలువో వచ్చి మడ పాయలో కలిసే చోట్లు, గాడేరు, కోరంగి పాయల నుంచి చీలే చిన్న కాలువల మూతులు, అడవికీ చేపల చెరువులకూ మధ్యనున్న గట్లు, ద్వీపానికి కాకినాడ అఖాతం వైపున్న మడ అంచు. వెతకాల్సినవి ఇవి.

ఏ నెలలో

డిసెంబరు మొదలు ఫిబ్రవరి చివరి దాకా మేలు. నీళ్ళు తేటపడతాయి, పొద్దున చల్లగా ఉండటంతో నీటికుక్కలు ఎండెక్కాక కూడా కాసేపు బయట తిరుగుతాయి, పిల్లలతో ఉన్న గుంపులు కనబడే కాలం కూడా ఇదే. మార్చి పరవాలేదు. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరదనీటితో పాయలు ఎర్రబడి గట్లు మునిగిపోతాయి, గుర్తులేవీ నిలవవు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం వల్ల మరపడవల సందడి తగ్గుతుంది, కానీ ఆ ఉక్కలో ఉదయం ఎనిమిది దాటితే మనిషీ కూర్చోలేడు, జంతువూ కదలదు.

ఏ తిథికి: అసలు లెక్క ఇక్కడే ఉంది

పోటు మీద ఉన్నప్పుడు మడ అడవిలోకి నీళ్ళు నిండిపోయి చేపలు వేళ్ళ మధ్యకు చెదిరిపోతాయి. నీటికుక్కలు కూడా ఆకుల చాటునే తిరుగుతాయి, పక్కనే ఉన్నా కనబడవు. ఆటు తీసేకొద్దీ చేపలన్నీ సన్నబడిన పాయలోకి, కాలువ మూతుల దగ్గర గుంటల్లోకి దిగుతాయి. వేట అక్కడ జరుగుతుంది. బురద ఒడ్లు బయటపడతాయి కాబట్టి పట్టిన చేపను తినడానికి అవి గట్టెక్కుతాయి. మనకు నిండుగా కనబడేది అప్పుడే.

ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఆటు రోజుకు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది. సోమవారం ఉదయం 5:30కి నీళ్ళు అడుగంటితే మంగళవారం 6:20కి, బుధవారం 7:10కి, గురువారం 8:00కి. మనకు కావలసింది సరిగ్గా ఈ నాలుగు రోజులే. శుక్రవారానికి వేళ తప్పిపోతుంది, మళ్ళీ ఒక పక్షం గడిస్తే గాని రాదు. సెలవులు చూసుకుని రైలు టికెట్ కొనేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఆటు చూసుకుని సెలవు పెట్టండి.

కాకినాడ పోర్టుకు సంబంధించిన ఆటుపోట్ల అంచనా కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. దేశానికంతటికీ సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే. వాళ్ళ వెబ్‌సైటులో రోజువారీ ఆటుపోట్లూ, అలల హెచ్చరికలూ చూసుకోవచ్చు. ఒకసారి చూసి, ఉదయం 5:30 నుంచి 8:00 మధ్య ఆటు పడే రోజులు ఏ తిథులకు వస్తున్నాయో గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. ఒకే చోట ఒకే తిథికి ఆటు దాదాపు అదే వేళకు వస్తుంది కాబట్టి ఏడాది పొడుగునా ఆ గుర్తు పనికొస్తుంది. మత్స్యకారులు ఫోను చూడకుండా పోటు చెప్పగలిగేది ఈ లెక్కతోనే.

రెండు సవరణలు. పౌర్ణమి, అమావాస్యల దగ్గర పోటు ఎక్కువ ఎక్కి ఎక్కువ తీస్తుంది, అష్టమి దగ్గర నీటిమట్టంలో తేడా తక్కువ. బురద ఒడ్లు విశాలంగా తేలాలంటే పెద్ద ఆట్లే మంచివి, కానీ ఉదయం ఆటు పడే రోజులు అష్టమి దగ్గర వస్తే దాంతోనే సర్దుకోవాలి. వేళే ముఖ్యం. రెండోది, పట్టికలో ఉన్నది పోర్టు దగ్గరి వేళ. లోపలి పాయల్లో ఆటు ఆలస్యంగా పడుతుంది. ఎంత ఆలస్యమో తెలుసుకోవడానికి వెళ్ళిన రోజే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, నీళ్ళు తగ్గడం ఆగిన వేళ రాసుకోండి. మర్నాటి లెక్కకు అదే ఆధారం.

హైదరాబాద్‌లో ఉండగానే

బైనాక్యులర్ 8×42 తీసుకోండి. 10 రెట్లది ఇంకా బాగుంటుందనిపిస్తుంది గానీ ఊగే పడవలో బొమ్మ నిలవదు, పొద్దుటి మసక వెలుగులో చీకటిగానూ ఉంటుంది. కొత్తగా కొన్నవాళ్ళు బయల్దేరే ముందు రెండు ఉదయాలు అమీన్‌పూర్ చెరువు దగ్గర గడపండి. అక్కడ నీటికాకులు మునిగి తేలుతుంటాయి. ఒకదాన్ని ఎంచుకుని, అది మునగగానే సెకన్లు లెక్కపెడుతూ, ఎక్కడ తేలుతుందో ముందే ఊహించి బైనాక్యులర్ అక్కడికి తిప్పండి. పదిసార్లలో ఆరేడుసార్లు దొరికేదాకా సాధన చేయాలి. నీటికుక్క కూడా ఇలాగే అర నిమిషం అటూఇటూగా మునిగి వేరేచోట తేలుతుంది. ఈ అలవాటు లేనివాళ్ళు దాన్ని ఒక్కసారి చూసి, రెండోసారి వెతుక్కునేలోపు పోగొట్టుకుంటారు.

బట్టలు మట్టిరంగు, ఆకుపచ్చ ముదురు రంగులు. తెల్లచొక్కా వద్దు, నడిస్తే కరకరలాడే రెయిన్‌కోటు అసలే వద్దు. సెంటు, ఘాటు వాసన నూనెలు ఆ మూడు రోజులు మానండి. కాళ్ళకు లేసులు గట్టిగా బిగించే పాత గుడ్డబూట్లు. చెప్పులు మొదటి అడుగుకే అడుసులో ఉండిపోతాయి, గమ్‌బూట్లలో బురద నిండితే కాలు పైకి రాదు. మనిషికి 3 లీటర్ల నీళ్ళు, ఎర్రకాంతి ఇచ్చే తలదీపం, ఫోను పెట్టుకోవడానికి నీళ్ళు చొరబడని సంచి, కొలత కోసం చిన్న స్కేలు లేదా అగ్గిపెట్టె, కొంచెం దూది. దూది ఎందుకో తర్వాత చెబుతాం.

కోరంగి 1978లో అభయారణ్యమైంది, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చెక్కవంతెన దగ్గర సందర్శకుల గేటు బాగా తెల్లవారాకే తెరుస్తారు కాబట్టి సూర్యోదయానికి పాయలో ఉండాలంటే అటవీశాఖ అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకోవాలి. హోప్ ఐలాండ్ మీద దిగడానికీ అంతే. ఉత్తరంలో ఎంతమంది, ఏ తేదీలు, ఏ పాయ, ఎవరి బోటు, డ్రోన్ లేదు అన్న సంగతి స్పష్టంగా రాస్తే పని తొందరగా అవుతుంది. నలుగురికి మించి వెళ్ళొద్దు. సికింద్రాబాద్ వైపు నుంచి కాకినాడకు రాత్రి రైళ్ళు ఉన్నాయి. కారులో అయితే దాదాపు 500 కిలోమీటర్లు. బస కాకినాడలో కంటే తాళ్ళరేవు, యానాం వైపు పెట్టుకుంటే తెల్లవారుజామున దారి కలిసొస్తుంది.

మొదటి రోజు: అడగడం, గుర్తులు వెతకడం

పడవ నడిపే సరంగునూ, వలలేసేవాళ్ళనూ మించిన గురువులు లేరు. కానీ "నీటికుక్కలున్నాయా?" అని అడిగితే "ఆయ్, ఉంటాయండి" అనే జవాబే వస్తుంది, దాంతో పని జరగదు. ఇలా అడగండి: "బాబాయ్, ఈ నెలలో వలలు ఎక్కడ చింపుతున్నాయండి? ఒంటరిగా వస్తుందా, గుంపుగానా? పోటు మీద వస్తున్నాయా, ఆటు మీదా?" ఒంటరిగా, రాత్రిపూట, ఒడ్డున కూర్చుని నీళ్ళలోకి పంజా విసిరేదని చెబితే అది బావురుపిల్లి. దాన్ని చూడటం కూడా భాగ్యమే, కానీ వెతికే పద్ధతి వేరు. గుంపుగా, ఈలలేసుకుంటూ, పగలు కూడా కనబడ్డాయంటే మనవే.

ఉదయం ఆటు 6:00కి ఉంటే సాయంత్రం ఆటు 6:25 ప్రాంతంలో పడుతుంది. కాబట్టి మధ్యాహ్నం మూడున్నరకి బయల్దేరితే నీళ్ళు తీస్తూ ఉంటాయి, బురద తేలుతూ ఉంటుంది, వెలుగూ ఉంటుంది. పెద్ద పాయ అంచు వెంబడి నెమ్మదిగా పోతూ ఈ కింది గుర్తులు చూడండి.

మొదటిది రెట్ట. నీటికుక్కలు ఎక్కడపడితే అక్కడ విసర్జించవు. రెండు పాయలు కలిసే మొన, కాస్త ఎత్తైన గట్టు, పడిపోయిన దుంగ, తూము మీది సిమెంటు దిమ్మ, ఇలాంటి చోట్లకు కుటుంబమంతా పదేపదే వచ్చి ఒకేచోట వదులుతుంది. తాజాది నల్లగా, జిగురుగా, ఒక ఆకారం లేకుండా పరుచుకుని ఉంటుంది. ఎండేకొద్దీ బూడిదరంగుకు తిరిగి, పుల్లతో తాకితే పొడిపొడిగా రాలిపోతుంది. ఆ పొడిని పుల్లతో విడదీసి చూడండి: గాజురేకుల్లాంటి పొలుసులు, సన్నటి ముళ్ళు, ఎర్రటి పీత పెంకు ముక్కలు. వాసన ఎండుచేపల బుట్టదే గానీ కుళ్ళు కంపు కాదు. బావురుపిల్లిదైతే కడ్డీలా గట్టిగా, వెంట్రుకలు కలిసి ఉంటుంది. నక్కదైతే మెలితిరిగి, గింజలు, ఈకలు కనబడతాయి. చేత్తో ముట్టుకోవద్దు, పరాన్నజీవుల భయం ఉంది.

మూడు నాలుగు వయసుల రెట్టలు ఒకేచోట ఉంటే ఆ చోటు ఇప్పటికీ వాడుకలో ఉన్నట్టు. అంతా పాతదే అయితే దాటిపోండి, ఎంత పెద్ద కుప్ప అయినా సరే.

రెండోది అడుగులు. అయిదు వేళ్ళు, విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. మెత్తటి బురదలో వేళ్ళ మధ్య తోలు అచ్చు కూడా పడుతుంది. పెద్దదాని అడుగు 6 సెంటీమీటర్ల వెడల్పు దాటుతుంది, అంటే పక్కన పెట్టిన అగ్గిపెట్టె పొడవు కన్నా ఎక్కువ. కుక్క, నక్క, బావురుపిల్లి అడుగుల్లో నాలుగు వేళ్ళే పడతాయి. ముంగిసకు అయిదున్నా అడుగు చాలా చిన్నది. అడుగుల మధ్య తోక ఈడ్చిన చార ఉంటే ఇంకేం అనుమానం అక్కర్లేదు, ఉడుముది తప్ప. ఉడుము తోక గీత సన్నగా పాములా వంకర్లు తిరుగుతుంది, వేళ్ళు పొడుగ్గా గోళ్ళతో గీరినట్టుంటాయి.

ఈ అడవి మనకు చేసే గొప్ప సాయం ఒకటుంది. పోటు గీత కింద ఉన్న అడుగు ఏదైనా గత పోటు తీసిన తర్వాత పడిందే. అంటే దాని వయసు పన్నెండు గంటల లోపు. మైదానపు అడవిలో ఇంత కచ్చితంగా చెప్పే వీలుండదు.

మూడోది పొర్లిన చోటు. పొడి ఇసుకలోనో గడ్డిలోనో చాపంత మేర నలిగి, చదునై, చుట్టూ అడుగులుంటాయి. నీళ్ళ నుంచి బయటికొచ్చి ఒళ్ళు ఆరబెట్టుకునేది అక్కడే. తాజా రెట్ట, పొర్లిన చోటు, దగ్గర్లో తీపినీరు, ఈ మూడూ వంద మీటర్ల లోపు కలిస్తే మర్నాడు మీరు కూర్చోవాల్సిన చోటు దొరికినట్టే. వేళ్ళ కింద బొరియ, దాని ముందు నున్నబడిన బురద జారుడు కనబడితే మాత్రం అక్కడ ఆగొద్దు, ఫొటో తీయొద్దు, మర్నాడు ఆ దరిదాపుల్లో కూర్చోవద్దు. పిల్లలున్న తల్లి ఒక్కసారి బెదిరితే వాటిని నోట కరుచుకుని వేరే చోటికి మార్చేస్తుంది. ఆ మార్పిడిలో పిల్లలకు ప్రమాదం.

రెండో రోజు: కూర్చోవడం

ఆటు అడుగంటే వేళకు గంటన్నర ముందే, ఇంకా చీకటి ఉండగానే చోటు చేరండి. మోటారు చివరి అరకిలోమీటరు ముందే ఆపించి గెడతో పోనివ్వండి. దిగేముందు దూది పింజ ఒకటి తుంచి వదలండి, గాలి ఎటు పోతుందో అది చూపిస్తుంది. చలికాలం తెల్లవారుజామున గాలి మామూలుగా నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి గుర్తుల చోటుకు సముద్రం వైపు, పాయ అవతలి ఒడ్డున కూర్చోవాలి. పొద్దెక్కాక గాలి తిరగబడుతుంది. అప్పటికి మీ పని ముగిసి ఉండాలి, లేకపోతే వాసన వాటికి అందుతుంది. వాటి చూపు కంటే మనం భయపడాల్సింది ముక్కుకే.

దూరం కనీసం 50 మీటర్లు, 80 అయితే ఇంకా మంచిది. వెనక చెట్టో పొదో ఉండేలా, ఆకాశం మీద మన తల ఆకారం కనబడకుండా కూర్చోండి. నిలబడొద్దు. పాలు కారే తిల్ల చెట్టు కింద మాత్రం కూర్చోకండి, కొమ్మలు విరవకండి. ఆ పాలు కంట్లో పడితే భరించలేని మంట, కాసేపు చూపు కూడా పోతుంది. పడితే రుద్దకుండా మంచినీళ్ళతో ఎక్కువసేపు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుని కూర్చోవడం పొరపాటు. ముందు వట్టి కళ్ళతో, పాయను ఎడమ నుంచి కుడికి నిదానంగా చూస్తూ నీటి మీద గీతల కోసం వెతకండి. ఈదే నీటికుక్క తల చదునుగా, నీళ్ళకు అంటుకున్నట్టు ఉంటుంది. దాని వెనక విచ్చుకునే అల మాత్రం దూరానికి కూడా కనబడుతుంది. నీటికాకి మెడ నిటారుగా ఉంటుంది. ఊరకుక్క ఈదితే తల ఎత్తుగా, వీపు కూడా కనబడుతుంది. మునిగిన నీటికుక్క వెళ్ళే దారిలో సన్నటి బుడగల వరస తేలుతుంది, బొచ్చులోని గాలి నీటి ఒత్తిడికి బయటికొచ్చేది అదే. ఆ వరస ఎటు సాగితే అటు కొంచెం ముందుకు బైనాక్యులర్ పెట్టండి.

చెవులు కళ్ళ కంటే ముందు పనిచేస్తాయి. గుంపులో ఒకదాన్నొకటి పిలుచుకునే ఈలలు సన్నగా, పిట్ట కూతలా వస్తాయి. పిల్లలుంటే కీచుకీచులు ఆగవు. చేపను కొరికేటప్పటి కరకర కూడా నిశ్శబ్దంలో వినబడుతుంది. కొంగలు ఒక్కసారిగా ఒకే చోటికి పరుగెత్తితే, గరుడపక్షి ఒక మలుపు మీదే చక్కర్లు కొడితే, అక్కడ నీళ్ళ కింద ఎవరో చేపల్ని తరుముతున్నారన్నమాట. తీతువు అరుపు మాత్రం రెండు రకాలుగా చదవాలి: మీరు కదిలితే మిమ్మల్ని చూసి అరుస్తుంది, మీరు కదలకపోయినా అరుస్తుంటే ఒడ్డున ఇంకేదో నడుస్తోంది.

కనబడ్డాక చేయాల్సిన పని ఏమీ చేయకపోవడమే. వేట మీద ఉన్నప్పుడు గుంపు బారులు తీరి పాయకు అడ్డంగా చేపల్ని తోలుకొస్తుంది. ఆ వరస మీ వైపు వచ్చేస్తుంటే వెనక్కి జరగాలనిపిస్తుంది, జరగొద్దు. ఊపిరి మామూలుగా తీసుకుంటూ ఉండిపోండి. తలలన్నీ ఒకేసారి నిటారుగా పైకి లేచినా, ముక్కుతో బుస్సుమన్నా, తినడం ఆపి ఒకచోట చేరినా మిమ్మల్ని పసిగట్టాయని అర్థం. కళ్ళు పక్కకు తిప్పి బిగుసుకుపోండి. రెండు మూడు నిమిషాల్లో మళ్ళీ తిండిలో పడితే సరి. పడకపోతే అవి వెళ్ళిపోయాక మీరూ లేవండి, వెంబడించొద్దు. మర్నాడు ఇంకో ముప్పై మీటర్లు దూరంగా కూర్చోండి.

మొదటి ఉదయం ఏమీ రాకపోతే చోటు మార్చేయాలని తొందరపడకండి. ఒక కుటుంబం కొన్ని కిలోమీటర్ల నీటిదారిని తిరుగుతూ వాడుకుంటుంది, రోజూ ఒకే చోటికి రావాలని లేదు. ఆటు తర్వాత వెళ్ళి గుర్తులు చూడండి: కొత్త రెట్ట పడి ఉంటే రాత్రి వచ్చి వెళ్ళాయన్నమాట, అక్కడే ఇంకో ఉదయం కూర్చోండి. వరసగా రెండు రోజులు కొత్తవి లేకపోతే అప్పుడు మారండి.

పడవ, అడుసు, కెమెరా

చిన్న కాలువల్లోకి ఆటు తీస్తున్నప్పుడు పడవ తోయించొద్దు. బురదలో కూరుకుందంటే మళ్ళీ పోటు వచ్చేదాకా గంటలకొద్దీ అక్కడే, ఎండలో. నీళ్ళు తిరిగి ఎక్కడం మొదలయ్యాకే లోపలికి వెళ్ళాలి, అప్పుడు ఇరుక్కున్నా పావుగంటలో నీరే లేపుతుంది. సరంగుకు ఇది తెలుసు, కానీ పట్నంవాళ్ళు బతిమాలితే మొహమాటపడి తీసుకెళ్తాడు. బతిమాలొద్దు. లైఫ్‌జాకెట్ తొడుక్కోకుండా అఖాతం దాటొద్దు. ఇన్‌కాయిస్ అలల హెచ్చరిక ఉన్న రోజు హోప్ ఐలాండ్ ఆలోచన మానుకోండి.

అడుసులో మోకాలి దాకా దిగబడితే కాలు నిలువుగా లాగకండి, రెండో కాలు ఇంకా దిగుతుంది. వెనక్కి వాలి కూర్చుని బరువు పరిచి, పాదాన్ని అటూఇటూ కదిలిస్తూ నీళ్ళు లోపలికి చేరనిచ్చి, నిదానంగా బయటికి తీయాలి. మొలకల్లా పైకి పొడుచుకొచ్చే శ్వాసవేర్ల మీద అడుగేస్తే మీ పాదమూ గాయపడుతుంది, చెట్టుకీ నష్టం.

కెమెరాకు 300 నుంచి 400 మిల్లీమీటర్ల లెన్సు చాలు. పడవలో ట్రైపాడ్ పనికిరాదు, ఇంజను వణుకంతా దానికెక్కుతుంది. షట్టర్ వేగం 1/1000 దగ్గర పెట్టండి. మెరిసే నీళ్ళ మీద ముదురు జంతువు నల్లటి ముద్దగా పడుతుంది కాబట్టి వెలుతురు సవరణ (ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్) కాస్త ఎక్కువ వైపు జరపండి. షట్టర్ చప్పుడు లేని పద్ధతి ఉంటే అదే వాడండి. ఫ్లాష్ ఎప్పుడూ వద్దు.

కోరంగిలో అనుమతి దొరకకపోతే కృష్ణా డెల్టా ఉంది. విజయవాడ మీదుగా అవనిగడ్డ, నాగాయలంక చేరి, ఏటిమొగ దగ్గర పంటు ఎక్కి ఎదురుమొండి దీవి వైపు వెళ్ళొచ్చు. కృష్ణా అభయారణ్యపు మడల్లో ఇవే నీటికుక్కలు, బావురుపిల్లులు ఉన్నాయి. పద్ధతంతా ఒకటే, తిథి లెక్క మాత్రం అక్కడిది మళ్ళీ కట్టుకోవాలి.

చూశాక

తేదీ, వేళ, ఆటు స్థితి, ఎన్ని పెద్దవి, ఎన్ని పిల్లలు, ఏం తింటున్నాయి, ఎటు వెళ్ళాయి, ఈ ఏడూ అదే పూట రాసుకోండి. జంతువులూ మొక్కలూ కనబడిన వివరాలు నమోదుచేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో పెట్టేటట్టయితే చోటును దాచిపెట్టే ఎంపిక వాడండి. వాట్సాప్ గ్రూపుల్లో మ్యాపు గుర్తు పంపొద్దు. చర్మం కోసం, పెంపుడు వ్యాపారం కోసం వీటిని పట్టేవాళ్ళున్నారు కాబట్టే 2019లో ఈ జాతి అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించారు. మన వన్యప్రాణి చట్టం 2022 సవరణతో దీన్ని ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో చేర్చింది.

చెరువు గట్ల మీద తిరిగేటప్పుడు రైతుతో మర్యాదగా మాట్లాడండి. రాత్రికి రాత్రి చేపలు పోయిన మనిషి ముందు నీటికుక్క అందం గురించి ఉపన్యాసం పనికిరాదు. నేలలోకి కాస్త పాతిన వలకంచె, రాత్రి కాపలా, ఇవి నష్టం తగ్గిస్తాయని తెలిసిన రైతుల మాటగా చెబితే వింటారు. ఉచ్చు గానీ, మందు పెట్టిన చేప గానీ కంటబడితే ముట్టుకోకుండా ఫొటో తీసి, చోటు రాసుకుని అటవీ సిబ్బందికి చెప్పండి. ఒంటరిగా అరుస్తున్న పిల్ల కనబడితే ఎత్తుకోవద్దు. తల్లి చాలావరకు దగ్గర్లోనే ఉండి, మీరు వెళ్ళాలని చూస్తుంటుంది. వంద మీటర్లు వెనక్కి జరిగి చూడండి, గంట రెండు గంటలు గడిచినా ఎవరూ రాకపోతే అప్పుడు అటవీ సిబ్బందిని పిలవాలి. నీళ్ళూ పాలూ పట్టే ప్రయత్నం చేయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది.